చింతతోపులో తొమ్మిది రాత్రులు

(పాస్టరేటు సంఘ పెద్దల కూటములో చదివిన ప్రసంగము)



మేము ఐదుగురము ఒక చిన్న పల్లె సంఘమునకు పెద్దలము. చదువునది ఒకరే అయినా మాట ఐదుగురిదీ. మా పల్లె బేతంచెర్లకు, బనగానపల్లెకు నడుమ ఉన్నది. అప్పట్లో మాది కర్నూలు జిల్లా, 2022 నుండి నంద్యాల జిల్లా. మా ఊరికి వచ్చినవారు గుడి కంటె ముందు గుడి ముందరి ఆర్చిని చూస్తారు. నాపరాతి స్తంభములు, పైన సిమెంటు పావురము, రెండు ప్రక్కల రంగు దీపములు. మీలో చాలమంది దాని క్రింద నిలబడి ఫోటోలు దిగినారు, మమ్మును మెచ్చుకున్నారు కూడా. ఆ ఆర్చికి డబ్బు ఎక్కడిదని ఎవరూ అడుగలేదు. మేమూ చెప్పలేదు. విదేశీ విద్యార్థులు మా పల్లెలో విడిది చేసిన సంగతి శతవార్షిక సంచికకు చెప్పుమని కోరినారు గనుక, అది చెప్పేటప్పుడు ఇది దాచుట కుదరదు.

2012 జనవరిలో, సంక్రాంతి పోయిన మరుసటి వారము, ఇంగ్లాండు తూర్పు భాగము నుండి పన్నెండు మంది కాలేజీ విద్యార్థులు వచ్చినారు. ఏడుగురు ఆడపిల్లలు, ఐదుగురు మగపిల్లలు, వారికి తోడు ఒక ఉపాధ్యాయిని. హైదరాబాదు నుండి రైలులో డోన్ చేరి, అక్కడ బండి మారి బేతంచెర్లలో దిగినారు. ఒక్కొక్కరి వీపు మీద ఒక్కొక్క మూట. ఆ మూటలోనే గుడారము, పరుపు, గిన్నె, చెంబు అన్నీ ఉన్నవి. మోయుటకు మేము తీసుకుపోయిన ఎద్దుల బండి ఖాళీగానే తిరిగి వచ్చినది.

వారు తాజ్‌మహలు విడిచి మా మెట్టనేలకు ఎందుకు వచ్చినారని మీరు అడుగవచ్చును. మేమూ అడిగినాము. వారు వచ్చినది బూడిద కొరకు, గుహల కొరకు.

బూడిద సంగతి మా ఆడవారికి మా కంటె బాగా తెలుసు. జ్వాలాపురము వైపు, జుర్రేరు లోయలో, నేల త్రవ్వితే తెల్లని మెత్తని బూడిద పడుతుంది. కొన్నిచోట్ల ఆ పొర రెండు మీటర్లకు మించి ఉన్నది. గిన్నెలు తోముటకు దానికి మించినది లేదు. దానిని త్రవ్వి, తోముడు పొడికి బస్తాల లెక్కన అమ్ముకొని బ్రతికిన కుటుంబములున్నవి. అది ఏ పొయ్యి బూడిదో మాకు తెలియదు. అది సుమత్రా దీవిలో తోబా అను అగ్నిపర్వతము సుమారు 74,000 సంవత్సరముల క్రిందట బద్దలైనప్పుడు, సముద్రము దాటి వచ్చి మన నేల మీద రాలిన బూడిద అట. ఆ పర్వతము ఉన్నచోట ఇప్పుడు పెద్ద సరస్సు ఉన్నది. ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయము ఆచార్యులు రవి కోరిశెట్టర్ గారు, ఇంగ్లాండు నుండి వచ్చిన మైఖేల్ పెట్రాగ్లియా గారు తమ బృందముతో జ్వాలాపురములో త్రవ్వి, ఆ పొర క్రిందనూ, ఆ పొర పైననూ మనుష్యులు చేసిన రాతి పనిముట్లు ఉన్నవని 2007లో ‘సైన్స్’ అను పత్రికలో వ్రాసినారు. అంత ప్రళయము వచ్చినా ఇక్కడి మనుష్యులు నశించిపోలేదని వారి వాదము. కాదనే పండితులు కూడా ఉన్నారు. ఆ విద్యార్థులు ఈ వాదము పుస్తకములలో చదివి, ఆ నేలను కంటితో చూడవలెనని వచ్చినారు.

గుహల సంగతి ఇంకొకటి. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గము గుహలను గూర్చి న్యూబోల్డు అను సైనికాధికారి 1844లోనే వ్రాసినాడు. తరువాత 1884, 85 సంవత్సరములలో రాబర్టు బ్రూస్ ఫుట్ దొర, ఆయన కుమారుడు హెన్రీ అక్కడ త్రవ్వకములు చేసినారు. ఫుట్ దొర 1863లో మద్రాసు దగ్గర పల్లావరములో పాతరాతియుగపు రాతి పనిముట్టును కనుగొన్న భూగర్భ శాస్త్రజ్ఞుడు. ఆయన మామ గారు మిషనరీయైన పెర్సివల్ అయ్యగారు. మామ గారి ప్రభావమో ఏమో మాకు తెలియదు గాని, ఫుట్ దొర ఒక గుహకు కతీడ్రల్ అనీ, ఇంకొక దానికి చాప్టర్ హౌస్ అనీ, మరొక దానికి పర్గెటరీ అనీ పేర్లు పెట్టినారు. ఎముకలు దొరికిన గుహ పేరు చార్నెల్ హౌస్, అనగా అస్థికల గది. అక్కడి ఎముకలలో ఒక ఖడ్గమృగమునకు లిడెక్కరు అను పండితుడు కర్నూలు పేరే పెట్టినాడు. కర్నూలు పేరు గల ఖడ్గమృగము ఒకటున్నదని మా ఊరిలో చెప్పితే చాలదినములు నవ్వుకున్నారు. కతీడ్రల్ చూడవలెనంటే మద్రాసు పోవలెనని మేము అనుకొనేవారము, నడిచిపోయే దూరములో ఒకటున్నదని ఆ పిల్లలు వచ్చి చెప్పినారు. మేము పశువులను తోలుకొని ఆ కొండల వెంట తిరిగినవారమే.

ఇక విడిది సంగతి. ఒక నెల ముందే గురువుగారికి ఉత్తరము వచ్చినది. గుడి వెనుక చింతతోపులో గుడారములు వేసుకొనుటకు సెలవు కావలెనని. ఆ తోపుకు పాత చరిత్ర ఉన్నది. పూర్వము చలికాలములో మిషనరీ దొరలు ఎడ్లబండ్ల మీద గుడారములు వేసుకొని పల్లెలు తిరిగేవారు. మా తాతల కాలములో ఒక దొర, దొరసానమ్మ ఆ చింతల క్రిందనే దిగి, పెట్రోమాక్సు దీపము పెట్టి కూటములు జరిపినారని పెద్దలు చెప్పేవారు. అందుచేత ఉత్తరము చదివినప్పుడు మాకు గర్వము కలిగినది. వెంటనే భయము కూడా కలిగినది. మా పేట ఎట్లున్నదో మాకు తెలుసు గదా!

ఆ నెల దినములు మేము చేసినది చెప్పుటకు ఇప్పుడు సిగ్గుగా ఉన్నది. బనగానపల్లె షామియానా అంగడి నుండి ప్లాస్టిక్ కుర్చీలు, మంచములు తెప్పించినాము. దారి ప్రక్కల పేడ దిబ్బలు ఎత్తివేయించినాము. గుడికి, గుడి వైపు కనిపించే ఇండ్ల గోడలకు మాత్రము సున్నము కొట్టించినాము, వెనుక గోడలు అట్లే ఉండిపోయినవి. నీళ్ల సీసాలు పెట్టెల లెక్కన కొన్నాము. తెల్లవారుజామున, పొద్దుగూకిన తరువాత ఆడవారు చెంబులతో తోపు వెనుక గట్టు వైపు పోవద్దని, ఆ పది దినములు దూరముగా చెరువు వైపు పోవలెనని చెప్పించినాము. చెప్పించినాము అనగా, మేము మగవారము గనుక మా నోట చెప్పలేక మా ఇండ్లలోని వారి చేత చెప్పించినాము.

వారు వచ్చినారు, కుర్చీలు చూచినారు, దండము పెట్టినారు, మంచములు వద్దన్నారు. అరగంటలో ఏడు గుడారములు లేచినవి. అటు తరువాత ఉపాధ్యాయిని మొదట అడిగినది తిండి కాదు, నీళ్లు కాదు. మరుగుదొడ్డి ఎక్కడ అని అడిగినది. డిగ్రీ చదువుతున్న మా ఊరి పిల్లవాడు దుబాసీగా ఉన్నాడు. వాడు ఆ మాట తెలుగు చేయకుండ మా ముఖములు చూచినాడు. మేము తోపు చూపించినాము. ఆమె తల ఊపి, గడ్డపారలు, పారలు ఇప్పించుమన్నది.

ఏ విడిదిలోనైనా మొదటి పని గుంత త్రవ్వుట అని వారికి నియమము అట. అయితే ఎక్కడ పడితే అక్కడ త్రవ్వలేదు. ఆమె బావి దగ్గరికి పోయి చూచినది, బండ పరుపు ఎటు వాలియున్నదో చూచినది. మన నేల సున్నపురాతి నేల, రాతిలో పగుళ్లుంటాయి, నీరు ఆ పగుళ్లలో దూరి ఎక్కడికైనా పోగలదు, ఈ గుహలు ఏర్పడినదీ అట్లే, కావున గుంతలోని మురుగు బావిలోకి దిగకుండ చూడవలెనని చెప్పినది. బావికి నూరడుగులకు పైగా దూరములో, బావికి పల్లపు వైపున, ఎర్రమన్ను మందముగా ఉన్నచోట గురుతు పెట్టినది. ఆడపిల్లలు మగపిల్లలు అని లేకుండ వంతుల వారీగా గడ్డపార వేసినారు. మూడడుగులు పోయేసరికి మొరము తగిలి, చేతులు బొబ్బలెక్కినవి. మా కుర్రవారు ఊరకుండలేక దిగినారు. అయిదడుగుల లోతు పోయినది. పైన రెండు నాపబండలు నడుమ సందు విడిచి పరచినారు. మనము చేలకు కంచెగా నాపబండలు నిలువున పాతినట్లే చుట్టూ బండలు పాతి, ఒక గోనెపట్ట తెర కట్టినారు. ప్రక్కన బూడిద డబ్బా, అందులో ఒక చిప్ప. పోయిన ప్రతివారు ఒక చిప్పెడు బూడిద వేయవలెను. నీళ్లు ఒక చెంబు చాలు. ఆ బండలు బేతంచెర్ల గనుల దగ్గర పనికిరావని పారవేసినవి. ఖర్చు అయినది ట్రాక్టరు బాడుగ మాత్రమే.

బూడిద డబ్బా దగ్గర ఒక తమాషా జరిగినది. పొయ్యి బూడిద అయిపోతే, మా పిల్లవాడొకడు ఇంట్లో గిన్నెలు తోముటకు ఉంచిన జ్వాలాపురము బూడిద బస్తా తెచ్చి డబ్బా నింపినాడు. రెండవ దినము ఉపాధ్యాయిని అందులో చేయి పెట్టి చూచి కేకపెట్టినది. తాము సముద్రములు దాటి చూడవచ్చిన 74,000 ఏండ్ల బూడిదను గుంతలో పోయుచున్నామని! ఆ సాయంకాలము నెగడు చుట్టూ కూర్చుండి అందరూ పడి పడి నవ్వినారు. అప్పుడే మా పెద్దలలో ఒకరు, అన్ని వేల ఏండ్ల లెక్క ఆదికాండముతో ఎట్లు పొసగునని అడిగినారు. గురువుగారు ఒక జవాబు చెప్పినారు, ఒక విద్యార్థి ఇంకొక జవాబు చెప్పినాడు. నెగడు ఆరిపోయినది గాని వాదము ఆరలేదు. ఆ అడిగినవారు నేటికీ ఒప్పుకోలేదు.

తిండికి ఇబ్బంది రాలేదు. ఉదయము ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. మధ్యాహ్నము జొన్నరొట్టె, ఊరిబిండి, గోంగూర. బొరుగులు నానబెట్టి చేసినది ఇంత రుచిగా ఉండునా అని బజ్జీల కారమునకు కండ్లనీళ్లు కార్చుకొంటూనే తిన్నారు. రాగి సంకటి మాత్రము ఇద్దరికి దిగలేదు. నమలకుండ మ్రింగుమంటే వారికి అర్థము కాలేదు. మేము కొన్న నీళ్ల సీసాలు నాలుగు దినములకే అయిపోయినవి. తరువాత బావినీళ్లు కాచి, వడగట్టి త్రాగినారు.

నీళ్ల దగ్గరనే మొదటి గొడవ వచ్చినది. మొదటి రెండు దినములు వారు స్నానమునకు ఒక్కొక్కరు రెండేసి బక్కెట్లు వాడినారు. మేము వద్దనలేదు, అతిథులు గదా. మూడవ దినము బోరు దగ్గర బిందెల వరుస తోపు దాకా వచ్చినది. మా పేటలో ఒక ముసలి అవ్వ ఉన్నది, ఎవరికీ జడియదు. దుబాసీ పిల్లవానిని పిలిచి, ‘అబ్బీ, ఈ బోరు దినానికి రెండు గంటలే పోస్తాదని వాళ్లకు చెప్పినావా? వాళ్ల తప్పు ల్యా, నోరు మూసుకున్న మీదే తప్పు’ అన్నది. వాడు చెప్పినాడు. ఆ మరునాటి నుండి తలకు అర బక్కెటు అని విద్యార్థులు తామే లెక్క పెట్టుకున్నారు. ఆ రాత్రి ఒక పిల్ల వానల లెక్క అడిగినది. మా జిల్లాకు ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్లని బడిపంతులు చెప్పినారు. మా ఊరిలో 600 కూడా పడదు అని ఆ పిల్ల అన్నది. మేము నమ్మలేదు. ఇంగ్లాండు అంటే ఎప్పుడూ వానలే గదా! కాని అది నిజమే. వారికి ఆ వాన ఏడాది పొడుగునా తుంపరగా పడును, ఎండ ఆవిరి చేయదు. మనకు నాలుగు నెలలలో, అందులోనూ కొన్ని దినములలో కురిసి పారిపోవును, మిగిలినది ఎండ త్రాగివేయును. వాన తక్కువని ఇన్ని ఏండ్లు మొరపెట్టిన మాకు, వాన పడే తీరులోనూ మేము దానిని నిలువబెట్టని తీరులోనూ లోపమున్నదని ఆ రాత్రి తెలిసినది.

వారు బిల్లసర్గము, యాగంటి, జ్వాలాపురము చూచినారు. ఒక దినము బెలుము గుహలకు పోయి వచ్చినారు. మూడు కిలోమీటర్లకు మించిన ఆ గుహలను 1982, 83లో గెబౌవర్ అను జర్మను దేశస్థుడు తన బృందముతో కొలిచినాడు. 2002లో పర్యాటక శాఖ వారు ప్రజలకు తెరచినారు. అక్కడి సంగతులు మీలో చాలమంది చూచినవే గనుక విడిచిపెట్టుచున్నాము.

అసలు సంగతి ఐదవ రాత్రి మొదలైనది. పొద్దుగూకిన తరువాత మా ఇండ్లలోని ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు, ఆ విద్యార్థినుల వెంట, గోనెపట్ట తెర దగ్గరికి పోవుట మొదలుపెట్టినారు. మరునాడు పది మంది. ఏడవ దినమునకు పగటివేళ కూడా వరుస ఉన్నది. పగటివేళ! మా తల్లులు, అక్కచెల్లెండ్లు, భార్యలు పుట్టినది మొదలు పగటివేళ ఆ అవసరము తీర్చుకొని ఎరుగరు. చీకటి కొరకు కాచుకొని, చీకటి పడువరకు నీళ్లు త్రాగకుండ, కడుపునొప్పి వచ్చినా పండ్లు బిగబట్టి కూర్చున్నవారు. ఈ సంగతి మాకు తెలియదని మేము చెప్పము. తెలుసు. తెలిసి ఎన్నడూ మాట్లాడలేదు.

ఆదివారము ఆరాధనలో విద్యార్థులు మాతో కూర్చున్నారు. అందరూ విశ్వాసులు కారు, అయినా చెప్పులు విడిచి చాపల మీద కూర్చుండి, అర్థము కాని భాషలో రెండు గంటలు ఓపిక పట్టినారు. పదవ దినము గుడారములు విప్పినారు. పోవుటకు ముందు తమలో చందా వేసుకొని 40,000 రూపాయలు గురువుగారి చేతిలో పెట్టి, విడిది చేసిన చోట సంఘమునకు ఏది అవసరమని మీకు తోచునో దానికి వాడుకొనుడని చెప్పినారు. గుంత పూడ్చివేయుటయు వారి నియమమే. పారలు తీసుకొని పోయినారు. అక్కడ మా అవ్వ గుంతకు అడ్డముగా కూర్చున్నది.

‘ఏమప్పా, తొమ్మిది రాత్రులుండి పోయేటోల్లకు గుంత తవ్వితిరి. పుట్టినప్పట్నుంచి ఈడనే ఉండేటోల్లం, మాకు ఏంటికి పూడుస్తారు?’ అన్నది. దుబాసీ తెలుగు మాట ఇంగ్లీషు చేయకముందే ఉపాధ్యాయినికి అర్థమైనట్లున్నది. పార క్రింద పెట్టినది.

మరుసటి ఆదివారము మా కమిటీ కూర్చున్నది. అప్పుడు కమిటీలో అందరమూ మగవారమే. స్త్రీల మైత్రి కార్యదర్శి వచ్చి తలుపు దగ్గర నిలబడి, ఆ డబ్బుతో పేటలో ఆడవారికి నాలుగు మరుగుదొడ్లు కట్టించుమని అడిగినది. మేము కుర్చీ వేయలేదు. తోపులో సగము సంఘమునది కాదు, ప్రక్క రైతుది, అతడు అభ్యంతరము చెప్పవచ్చునన్నాము. గుడి దగ్గర అట్టివి ఉండుట మర్యాద కాదన్నాము. విదేశీయులు ఇచ్చిన కానుక నలుగురికి కనిపించవలెనన్నాము. ఈ మాట మాలో ఎవరు అన్నారో మాకు జ్ఞాపకమున్నది, కాని ఐదుగురమూ ఒప్పుకున్నాము గనుక పేరు అనవసరము. తీర్మానము అయినది. 40,000కు సంఘపు నిధి కలిపి ఆర్చి కట్టించినాము. గుంతను ఫిబ్రవరిలో పూడ్పించినాము.

ఆ ఏడు ఆగస్టులో, మునిమాపువేళ, తొమ్మిదవ తరగతి చదివే మా పేట పిల్లను గట్టు మీద రక్తపింజరి కరచినది. నంద్యాలకు తీసుకొనిపోయినాము. పదకొండు దినములు ఆసుపత్రిలో ఉన్నది. బ్రతికినది, దేవునికి స్తోత్రము. పాదము ఒక ప్రక్క కుళ్లి, ఇప్పటికీ కుంటుచున్నది. ఆ ఏడు బడి మానినది, మరల పోలేదు. ఆ పిల్లను ఆటోలో ఎక్కించునప్పుడు అది ఆర్చి క్రింద నుండియే పోయినది. అప్పటికి దానికి రంగు దీపములు పెట్టి పదునైదు దినములు.

స్త్రీల మైత్రి వారు మా దగ్గరికి మరల రాలేదు. పిడికెడు బియ్యము అమ్మిన డబ్బు వారి చేతిలో కొంత ఉన్నది. గనులలో పని చేయు కొడుకుల చేత పారవేసిన బండలు తెప్పించి, ఉపాధ్యాయిని చెప్పిన కొలతలు ఆ దుబాసీ పిల్లవానిని అడిగి, సంఘపు స్థలములోనే ఎర్రమన్ను ఉన్నచోట రెండు గుంతలు త్రవ్వించినారు. ఒకటి నిండితే మన్ను, బూడిద కప్పి ఒక ఏడు విడిచిపెట్టి, రెండవది వాడుదురు. ఏడాదికి మొదటిది ఎరువు అగును. ఆ పనికి అయిన మొత్తము మా ఆర్చి మీది దీపములకు అయినదాని కంటె తక్కువ.

2014లో స్వచ్ఛ భారత్ పథకము వచ్చిన తరువాత, ఇంటికి 12,000 రూపాయలు సహాయముతో మా పేటలో కూడా మరుగుదొడ్లు కట్టినారు. మంచిదే. అయితే అవి నీళ్లు పోయవలసినవి. బోరు ఎండిన వేసవిలో కొన్నిటిలో కట్టెలు, చెనిక్కాయ పొట్టు నింపుకున్నారు. అప్పుడు అందరూ పోవునది మైత్రి వారి బండల గుంతలకే. బూడిద డబ్బా, చిప్ప ఇప్పటికీ ఉన్నవి. అందులో పొయ్యి బూడిదే వేస్తారు, జ్వాలాపురము బూడిద కాదు.

అవ్వ 2019లో ప్రభువునందు నిద్రించినది. ఆ విద్యార్థులలో ఒకరిద్దరు క్రిస్మసుకు ఉత్తరములు వ్రాయుచున్నారు. ప్రతి ఉత్తరములో గుంత ఉన్నదా అని అడుగుదురు. ఉన్నది అని వ్రాయుచున్నాము. నడుమ ఎనిమిది నెలలు లేదని వ్రాయలేదు.

ఇప్పుడు మా కమిటీలో ఇద్దరు స్త్రీలున్నారు. ఆర్చి రంగు పెచ్చులూడుచున్నది, పావురమునకు ఒక రెక్క విరిగినది. శతవార్షికమునకు దానిని బాగుచేయించి, బిషప్పు గారి పేరు చెక్కించవలెనని ఒక ప్రతిపాదన వచ్చినది. బోరు దగ్గర నీళ్ల తొట్టి కట్టి, పేట మరుగుదొడ్లకు గొట్టము వేయించవలెనని ఇంకొక ప్రతిపాదన వచ్చినది. నిధిలో ఒక దానికే డబ్బున్నది. వచ్చే ఆదివారము ఆరాధన అయిన తరువాత కమిటీ కూర్చుండును.